తాగని మత్తు (మన విశాఖ చరిత్ర – 11వ భాగం)



పోయిన భాగంలో స్టీల్ ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాల ఆర్-కార్డుల గురించి రాశాను. అది చదివి ఒక చెల్లి ఇన్‌బాక్స్‌లో అడిగింది: "అన్నా, పోయిన భూమికి లెక్క ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉంటుంది. పోయిన ఒంటికి లెక్క ఎక్కడుంటుంది?" వారం రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ భాగం దానికి జవాబు వెతికే ప్రయత్నం. కొంచెం పొడుగైంది, మధ్యలో కాస్త కెమిస్ట్రీ కూడా ఉంది. ఓపిగ్గా చదవండి. ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. పేరు మాత్రం మనకెవరూ చెప్పలేదు.

1

మా నాన్న ఓడలకి రంగులేసేవాడు. పర్మినెంటు కాదు, కాంట్రాక్టరు కింద. పై డెక్కు మీద, చిమ్నీ మీద వేసే రంగు అందరికీ కనపడుతుంది. మా నాన్నలాంటి వాళ్లకి వచ్చేది కనపడని పని. ఓడ అడుగున బ్యాలస్ట్ ట్యాంకులుంటాయి. మనిషి పట్టేంత మ్యాన్‌హోల్‌లోంచి దూరి, చీకట్లో, మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాలి. ముందు తుప్పు కొట్టాలి, చిప్పింగ్ అంటారు. తర్వాత ప్రైమర్, దాని మీద ఎపాక్సీ రంగు. రంగు చిక్కబడితే టిన్నర్ కలపాలి. చేతులకి అంటుకున్న రంగు కూడా టిన్నర్‌తోనే కడుక్కోవాలి. గాలి కోసం పైనుంచి ఒక బ్లోయర్ గొట్టం వేస్తారు, అది పనిచేస్తే. ట్యాంకులోకి దిగే ముందు మేస్త్రి అందరికీ తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడట. బెల్లం తింటే లోపలికి పోయిన విషం దిగిపోతుందని నమ్మకం. కంపెనీకి అయిన ఖర్చు ఆ బెల్లం ముక్కే.

సాయంత్రం నాన్న సింధియా నుంచి మల్కాపురం నడిచి వచ్చేటప్పుడు కాళ్లు తడబడేవి. కళ్లు ఎర్రగా ఉండేవి. మాట ముద్దగా వచ్చేది. ఊరికే నవ్వేవాడు, ఊరికే తిట్టేవాడు.

"మళ్లీ తాగొచ్చినావా?" అనేది అమ్మ.

"లేదే. నా బిడ్డల మీద ఒట్టు. నానేటీ తాగలేదు."

"తాగకపోతే ఈ వాసనేటి? ఈ తూలుడేటి?"

ఆ వాసన సారా వాసన కాదని అమ్మకీ తెలుసు. కానీ తూలేవాడు తాగినోడే అన్నది లోకం నేర్పిన పాఠం. అందులోనూ పేటలోంచి వచ్చినవాడు తూలితే ఇంక అనుమానమేముంది? సూపర్‌వైజరు ఒక మాట అనేవాడట, కులం పేరు ముందు పెట్టి, తాగుబోతు అని వెనక పెట్టి. ఆ మాట నేనిక్కడ రాయను. మీలో చాలామంది మీ నాన్నల గురించి విన్నదే.

తర్వాత్తర్వాత నాన్న నిజంగానే తాగాడు. ముందు ఆదివారాలు, తర్వాత రోజూ. ఆ సంగతి దాచను. కానీ తాగుడు మొదలవక ముందే ఆయన మారిపోయాడు. చిన్న శబ్దానికే ఉలిక్కిపడేవాడు. రాత్రిళ్లు కలవరించేవాడు. నా పేరు పిలవబోయి మా పెద్దప్ప పేరు పిలిచేవాడు. యాభై నిండకుండానే మల్కాపురం మార్కెట్‌లో దారి తప్పాడు. పుట్టి పెరిగిన చోట! ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నాడు?" ఏం పని చేస్తాడని అడగలేదు. చీటీ మీద ఏం రాశారో చెప్పక్కర్లేదు.

నేనూ అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఒక రాత్రి ఆయన తలుపు తడితే నేను తియ్యలేదు. ఆ రాత్రంతా అరుగు మీద పడుకున్నాడు.

2

రంగుల్లో, జిగురులో, ప్లాస్టిక్కులో, మందుల ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాలకి ఒక ఉమ్మడి గుణం ఉంది. అవి కొవ్వుని కరిగిస్తాయి, తొందరగా ఆవిరవుతాయి. జైలీన్, టొలుయీన్, హెక్సేన్, స్టైరీన్ అన్నీ అంతే. ఆవిరి ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది. రక్తం మెదడుకి చేరడానికి ఎంతసేపు? నీళ్లు తీసేస్తే మన మెదడు బరువులో సగానికి పైగా కొవ్వే. నరాల చుట్టూ ఉండే తొడుగు కూడా కొవ్వే. కొవ్వంటే ఇష్టపడే రసాయనానికి ఒంట్లో అంతకంటే మంచి చోటు లేదు.

మొదట జరిగేది సారా తాగినప్పుడు జరిగేదే. తల తేలికవుతుంది, నవ్వొస్తుంది, కాళ్లు తూలుతాయి, మాట తడబడుతుంది. ఇంకా పీలిస్తే స్పృహ పోతుంది. మరీ ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుంది. బయటికొచ్చి గాలి పీల్చుకుంటే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. దిగిపోయిందనుకుంటాం. ఏళ్ల తరబడి రోజూ పీల్చినవాడిలో ఇంకొకటి మొదలవుతుంది. మొదట గుణం మారుతుంది: చిరాకు, నీరసం, దిగులు, నిద్ర పట్టకపోవడం. తర్వాత జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గుతాయి. చెయ్యి కదిలే వేగం తగ్గుతుంది. కొన్నింటికి చెవులు దెబ్బతింటాయి, కొన్నింటికి నీలం, పసుపు రంగులు సరిగ్గా పోల్చుకోలేరు. రంగులేసే మనిషికి రంగు తెలియకుండా పోవడం!

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. సారా తాగితే లివరు ముందు సారా పని చూసుకుంటుంది. జైలీన్, స్టైరీన్ లాంటివాటిని విరగ్గొట్టే పని మందగిస్తుంది. అవి రక్తంలో ఇంకాసేపు ఉండిపోతాయి. అంటే పని నుంచి వచ్చి తాగినవాడికి రెండు దెబ్బలు. తాగాడు కాబట్టి ఫ్యాక్టరీ తప్పు లేదనేవాళ్లకి ఇదే జవాబు. తాగినవాడి మీద ఆ ఆవిరి ఇంకా గట్టిగా పనిచేస్తుంది.

3

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1840ల్లో ఇంగ్లండులో రబ్బరుని వేడి చేయకుండానే గట్టిపరిచే పద్ధతి కనిపెట్టారు. దానికి కార్బన్ డైసల్ఫైడ్ అనే ద్రావకం కావాలి. ప్యారిస్‌లో పేదవాడలు ఆ పనితో నిండిపోయాయి. చిన్న గదుల్లో ఆడవాళ్లు, మగవాళ్లు కూర్చుని బెలూన్లూ, రబ్బరు తొడుగులూ ఆ ద్రావకంలో ముంచి తీసేవాళ్లు.

ఆగస్ట్ డెల్పెష్ అనే డాక్టరు 1856లో, తర్వాత 1863లో వాళ్ల గురించి రాశాడు. మొదటి దశలో ఉద్రేకం: కోపం, పిచ్చి నవ్వు, పీడకలలు, పెళ్లాం పిల్లల మీద అరుపులు. రెండో దశలో అంతా చల్లబడిపోవడం: మరుపు, కాళ్లలో సత్తువ లేకపోవడం, మగతనం పోవడం. పనే రోగానికి కారణమని డెల్పెష్ సూటిగా చెప్పాడు. తర్వాత ఇంగ్లండులో థామస్ ఆలివర్ అనే డాక్టరు ఇంకో మాట రాశాడు. ఈ పని చేసే చోట మతి చెడిన కార్మికులు కిటికీల్లోంచి దూకెయ్యకుండా ఊచలు బిగించారట. ఊచలు బిగించారు గానీ ద్రావకం మాత్రం మానలేదు.

ఆ తర్వాత జరిగింది మనకి ముఖ్యం. 1880ల చివర్లో ప్యారిస్‌లో షార్కో అనే మహా పేరున్న నరాల డాక్టరు ఉండేవాడు. ఈ కార్మికుల రోగాన్ని ఆయన హిస్టీరియా లెక్కలో వేశాడు. విషం ఒక నెపమే, అసలు లోపం ఆ మనిషి నరాల్లో, పుట్టుకలో ఉందన్నది అప్పటి ఆలోచన. ముప్పై ఏళ్ల కిందట పని తెచ్చిన జబ్బుగా నమోదైనది మనిషి గుణంగా మారిపోయింది. మన దేశంలో గుణాన్ని పుట్టుకకి కట్టే పద్ధతి ఎంత పాతదో నేను చెప్పాలా? అక్కడ హిస్టీరియా అన్నారు. ఇక్కడ తాగుబోతు జాతి అన్నారు.

4

గుణం మీద వేసిన నింద మళ్లీ పని మీదికి ఎలా మళ్లిందో కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే మనం చెయ్యాల్సిన పని అందులో ఉంది.

ఫిన్లండులో హెలెనా హానినెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేది. విస్కోస్ దారం ఫ్యాక్టరీలో కూడా కార్బన్ డైసల్ఫైడ్ వాడతారు. అక్కడి కార్మికులకి స్కానింగులు కాదు, చాలా మామూలు పరీక్షలు పెట్టింది. అంకెలు చెప్పి తిరిగి చెప్పమనడం, దిమ్మెలతో బొమ్మ పేర్చమనడం, చేతి వేగం చూడటం. డాక్టరు చూసి బాగానే ఉన్నాడన్న మనిషి కూడా ఈ పరీక్షల్లో వెనకబడ్డాడు. 1971లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రోగం బయటపడకముందే గుణంలో, పనితీరులో దాని జాడ దొరుకుతుందని లోకానికి తెలిసింది.

1976లో స్వీడన్‌లో ఆక్సెల్‌సన్, హానె, హోగ్‌స్టెడ్ అనే ముగ్గురు ఇంకో దారిలో వెళ్లారు. వాళ్లు ఆసుపత్రికి పోలేదు, పింఛను దస్తరాలు తీశారు. మానసిక, నరాల జబ్బులతో వయసు రాకముందే పని మానేసి పింఛను తీసుకున్నవాళ్లలో రంగులేసేవాళ్లు, వార్నీషు పనివాళ్లు, నేలకి కార్పెట్లు అతికించేవాళ్లు ఎంతమందో చూశారు. ద్రావకాలు తగలని ఇతర నిర్మాణ కార్మికులతో పోల్చారు. ముప్పు రెట్టింపుకి దగ్గరగా తేలింది. డెన్మార్కులో దీన్ని వృత్తి రోగంగా గుర్తించి పరిహారం ఇవ్వడం మొదలెట్టారు. జనం దాన్ని పెయింటర్ల జబ్బు అనే పిలిచారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోపెన్‌హాగెన్‌లో సమావేశం పెట్టి ఈ జబ్బుకి దశలు ఖరారు చేసింది. మొదటి దశ ఏంటో తెలుసా? చిరాకు, దిగులు, నీరసం. అంటే మనం "ఈయన గుణం పాడైపోయింది" అనేదే.

అక్కడ మాత్రం గొడవ లేకుండా జరిగిందా? లేదు. పెయింటర్లు ఎక్కువ తాగుతారు కాబట్టి ఇదంతా తాగుడు వల్లే అని ఏళ్ల తరబడి వాదించారు. తెల్ల తోలు పెయింటరుకి కూడా అదే నింద. కానీ అక్కడ యూనియన్ ఉంది, దస్తరం ఉంది, ఎవరు ఏ రోజు ఎక్కడ పనిచేశారో కాగితం ఉంది. తాగుడు లెక్క తీసేసి చూడండని అడిగే బలం ఉంది. చివరికి నీళ్లతో కలిపే రంగులకి మారారు. మారాక కొత్త కేసులు తగ్గాయి.

మా నాన్నకి ఏ కాగితం ఉంది? గేటు పాసు మీద పేరు కూడా తప్పే రాసేవాళ్లు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆ పాసు కూడా పోయేది.

5

ఇప్పుడు 2020 మే 7కి వద్దాం.

గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత అది మెక్‌డోవెల్ చేతికి, 1997లో కొరియా కంపెనీ ఎల్‌జీ చేతికి వెళ్లి ఎల్‌జీ పాలిమర్స్ అయింది. అక్కడ స్టైరీన్ నుంచి పాలీస్టైరీన్ చేసేవారు. మన జాలారి అన్నదమ్ముల ఫైబర్ బోట్లకి పూసే రెసిన్‌లోంచి ఘాటుగా వచ్చే వాసన స్టైరీన్‌దే.

స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తానే అతుక్కోవడం మొదలెడుతుంది. అతుక్కున్నకొద్దీ ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా అతుక్కుంటుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకం కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగింది. ఎం-6 అనే పాత ట్యాంకులో 1,800 టన్నులకు పైగా స్టైరీన్ నిల్వ ఉండిపోయింది. తర్వాత నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం తేల్చిందో చూడండి. చల్లబరిచే వ్యవస్థని రాత్రిళ్లు ఆపేసేవారు. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున ఒక్కచోటే, పైన ఎంత కాలుతోందో తెలిసే దారి లేదు. నిరోధకం చాలినంత లేదు. సైరన్ మోగలేదు. దీనికి ముందటి ఏడాదే, పర్యావరణ అనుమతి లేకుండా నడుపుతున్నామని కంపెనీ స్వయంగా అఫిడవిట్‌లో ఒప్పుకుంది.

తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఆవిరి బయటికొచ్చింది. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, పల్లంలో నిలుస్తుంది. వెంకటాపురం, నందమూరి నగర్, పైడిమాంబ కాలనీ, బీసీ కాలనీ, వెంకటాద్రి గార్డెన్స్. వేసవి రాత్రి, తలుపులు తీసి పడుకున్న జనం. 12 మంది చనిపోయారు. ఐదు వందల మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు.

ఆ పొద్దున టీవీలో, ఫోన్లలో తిరిగిన వీడియోలు మీరూ చూసుంటారు. పరిగెత్తుతూ నడిరోడ్డు మీద కూలిపోయిన మనుషులు. బండి మీద నుంచి పక్కకి ఒరిగిపోయినవాళ్లు. లేచి రెండడుగులు వేసి మళ్లీ పడిపోయినవాళ్లు. పారిపోతూ బావిలో పడి చనిపోయినవాళ్లు కూడా ఉన్నారు. జనం "గ్యాసు, గ్యాసు" అంటున్నారు. నేను మాత్రం ఆ నడక చూస్తున్నాను. ఆ కాలు తడబాటు, ఆ భుజం వాలడం, లేచి నిలబడబోయి గాలిలో చెయ్యి చాచడం. అది సింధియా రోడ్డు మీద నేను చిన్నప్పుడు రోజూ చూసిన నడక. టీవీలో ఏ ఒక్కడూ వాళ్లని తాగినోళ్లు అనలేదు, ఎందుకంటే అందరూ ఒకేసారి పడ్డారు. ఒక్కడే పడితే తాగుబోతు. ఊరంతా పడితేనే అది విషం అని ఒప్పుకుంటారు.

నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆ రోజు మొదటిసారి ఆయన ఒట్టు నమ్మాను.

6

తర్వాత ఏం జరిగింది? చనిపోయినవాళ్ల కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుని మర్నాడే, మే 8న, కంపెనీని 50 కోట్లు కట్టమంది. జూలైలో కమిటీ నివేదిక ఇచ్చింది, ఆ వెంటనే కంపెనీ సీఈవోతో సహా 12 మందిని అరెస్టు చేశారు. మిగిలిన స్టైరీన్‌ని, దాదాపు 13,000 టన్నులు, ఓడలెక్కించి దక్షిణ కొరియాకి తిప్పి పంపారు. జనం ఒంట్లోకి పోయినదాని సంగతేమిటి?

ఒంట్లోకి పోయిన స్టైరీన్‌ని లివరు ముందు స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. అది తర్వాత మాండెలిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. కొద్ది రోజులు గడిచాక మూత్రం పరీక్ష చేస్తే ఏమీ దొరకదు. దొరకలేదంటే దెబ్బ తగల్లేదని అర్థం కాదు, సాక్ష్యం పోయిందని అర్థం. 2018లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ స్టైరీన్‌ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలోకి మార్చింది. ఫైబర్ బోట్లు చేసే కార్మికుల మీద అనేక దేశాల్లో చేసిన అధ్యయనాల్లో రంగుల చూపు, వినికిడి, చేతి వేగం తగ్గడం కనిపించింది. ఒక్క రాత్రి పెద్ద మోతాదులో పీల్చడం, ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పీల్చడం ఒకటి కావు. ఆ తేడా నేను దాచను. అందుకే ఆ ఊరి జనాన్ని ఏళ్ల పాటు, పిల్లల్ని మరీ జాగ్రత్తగా, పరీక్షిస్తూ ఉండాలి అంటున్నాను.

నాకు తెలిసిన ఒక పిన్ని ఆ కాలనీల్లోనే ఉంటుంది. "పొయ్యి మీద అన్నం పెట్టి మర్చిపోతన్నాను రా" అంది. "డాక్టరు భయం వల్ల అన్నాడు. భయం ఉంటాది గానీ, భయానికి అట్టమాడుతాదా అన్నం?" ఒక్కరి మాట రుజువు కాదు. కానీ పరీక్ష పెట్టడానికి ఆ మాట చాలు. హానినెన్ పెట్టిన పరీక్షకి కావలసింది కాగితం, పెన్సిలు, నాలుగు దిమ్మెలు, ఒక గంట సమయం.

చనిపోయినవాళ్లంతా దళితులని నేను చెప్పడం లేదు. ఆవిరి కులం అడగదు. కానీ ఆవిరి వచ్చే చోట ఎవరి ఇల్లుంటుంది, ట్యాంకులోకి ఎవరు దిగుతారు అన్నది కులం అడుగుతుంది. 1933లో పోర్టు తెరిచిన నాటి నుంచి ఈ ఊరి చరిత్ర తీసుకోండి. షిప్‌యార్డు 1941, కాల్టెక్స్ రిఫైనరీ 1957, ఎరువుల ఫ్యాక్టరీ, జింకు, స్టీలు. ప్రతిదానికీ గోడకి ఒక పక్క క్వార్టర్లు, చెట్లు, స్కూలు. ఇంకో పక్క మన పేట. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాసు అంటుకుని 60 మంది దాకా చనిపోయారు. మన సొంత విశాఖలో అది పాఠ్యపుస్తకంలో లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసైన్షియా అనే మందుల ఫ్యాక్టరీలో ఒక ద్రావకం లీకై ఆవిరి పేలింది. 17 మంది పోయారు. పేలింది కాబట్టి లెక్కకొచ్చారు. పేలకుండా ఆ ద్రావకాల మధ్యే షిఫ్టులు చేసేవాళ్ల మెదడు లెక్క ఎవరు రాస్తున్నారు?

ఇంకా రెండు చోట్లు చూడండి. ఒకటి, మన చెప్పులు కుట్టే అన్నలు. ఒకప్పుడు సూది, దారం. ఇప్పుడు రబ్బరు సొల్యూషన్. ఆ పని ముక్కుకి జానెడు దూరంలో జరుగుతుంది. జపాన్‌లో 1960ల్లో ఇళ్ల దగ్గర కూర్చుని చెప్పులు అతికించే ఆడవాళ్లకి జిగురులోని హెక్సేన్ వల్ల కాళ్లూ చేతులూ మొద్దుబారి నడవలేకపోయారు. రెండు, రైల్వే స్టేషన్ దగ్గర గుడ్డలో అదే సొల్యూషన్ పోసుకుని పీల్చే గుంటలు. వాళ్లకి ఆకలి తెలియకుండా చేస్తుంది టొలుయీన్. మెదడులోని తెల్ల పదార్థాన్ని కూడా తినేస్తుంది. పోలీసులు వాళ్లని దొంగలంటారు. ఆ గుంటడికీ, మా నాన్నకీ ఎక్కింది ఒకే రకం ఆవిరి. ఒకడు ఆకలి మరిచిపోవడానికి పీల్చాడు. ఇంకొకడు కూలి కోసం పీల్చాడు.

7

చట్టం లేదా? ఉంది. మా నాన్న పనిచేసిన రోజుల్లో అమల్లో ఉన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం. దాని 36వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన ఆవిరి ఉన్న ట్యాంకులోకి మనిషిని అలా దించకూడదు. లోపల ఆవిరి లేదని పరీక్షించి సర్టిఫికెట్ రాయాలి. లేదంటే ఊపిరి పరికరం ఇచ్చి, నడుముకి బెల్టు కట్టి, దాని తాడు బయట ఉన్న మనిషి చేతిలో ఉంచాలి. భోపాల్ తర్వాత 1987లో చేర్చిన 41-సి సెక్షన్ ప్రకారం, ప్రమాదకర పనుల్లో ఉన్నవాళ్ల ఆరోగ్య రికార్డు యాజమాన్యం రాసి ఉంచాలి, కార్మికుడు అడిగితే చూపించాలి. బెల్లం ముక్క ఏ సెక్షన్‌లోనూ లేదు.

అదే చట్టం మూడో షెడ్యూలులో ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన రోగాల జాబితా ఉండేది. సీసం ఉండేది, పాదరసం ఉండేది, కార్బన్ డైసల్ఫైడ్ ఉండేది, బెంజీన్ ఉండేది. పెయింటర్ల జబ్బు పేరుతో ఏమీ ఉండేది కాదు. జాబితాలో లేని రోగం మన డాక్టరుకి కనపడదు. కనపడనప్పుడు ఆయన చీటీ మీద తాగుడు అనే రాస్తాడు.

1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరు. వారానికి 48 గంటల పని చట్టంలోకి వచ్చింది ఆ కాలంలోనే. ఆయన్ని మనం రాజ్యాంగం పుస్తకంతోనే గుర్తుపెట్టుకుంటాం. కార్మికుడి ఒంటిని రాజ్యం లెక్కలోకి తెచ్చిన మనిషిగా కూడా గుర్తుపెట్టుకోవాలి.

అందుకే ఈ సిరీస్ చదివే స్టూడెంట్ తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ ఒక పని చెబుతున్నాను. మీ ఇంట్లో పెయింటింగు, ఫైబరు, చెప్పులు, ఫార్మా, ప్రింటింగు పని చేసినవాళ్లుంటే ఒక నోటుబుక్కు తీసుకోండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ కాంట్రాక్టరు, ఏ పని, డబ్బా మీద ఏం రాసుండేది, ముక్కుకి ఏం కట్టుకునేవాళ్లు. ఇంట్లో వాళ్లు ఎప్పుడు మార్పు గమనించారు, తాగుడు దానికి ముందా తర్వాతా. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడగకపోయినా పని గురించి మీరే చెప్పండి, చీటీ మీద రాయించండి. సైకాలజీ చదివేవాళ్లు మీ ప్రాజెక్టుకి ఈ కాలనీలు ఎంచుకోండి. స్వీడన్ వాళ్లు గెలిచింది దస్తరాలతోనే. మనకి దస్తరం లేదు కాబట్టి మనమే రాసుకోవాలి. చెల్లీ, నువ్వడిగిన లెక్క ఇంకా ఎక్కడా లేదు. అది మొదలయ్యేది ఇక్కడే.

నేను మా నాన్నది మొదలెట్టాను. మొదటి పేజీలో సంవత్సరాలు రాశాను, అమ్మ చెప్పింది చెప్పినట్టు. ఆయన తాగుడు ఎప్పుడు మొదలైందో అది కూడా రాశాను, దాచలేదు. ఆయన మెదడుని చెడగొట్టింది టిన్నరే అని నేనిప్పుడు ఏ కోర్టులోనూ రుజువు చేయలేను. పరీక్షించాల్సిన రోజుల్లో ఎవరూ పరీక్షించలేదు. చివరి పేజీలో తలుపు తియ్యని రాత్రి గురించి రాశాను.

నోటుబుక్కు చూపిస్తే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "అయితే ఆ మనిషి అబద్ధం ఆడలేదన్నమాట."

వచ్చే భాగంలో పోర్టులో బొగ్గు, ఖనిజం మోసిన ఆడవాళ్ల గురించి రాస్తాను. ఆ పని చేసిన అమ్మలు, అమ్మమ్మలు మీ ఇళ్లలో ఉంటే నాకు చెప్పండి, వచ్చి కూర్చుని వింటాను.

జై భీమ్.